మౌనం ఎప్పుడు పాపమవుతుంది?



గత మాసం ఒక ఆదివారం, రెండవ పూజ ముగిసి జనం ఇళ్ళకు వెళ్ళిపోయాక గుడి వరండాలో కూర్చొని ఉన్నాను. మా విచారణలోని ఒక విశ్రాంత ఉపాధ్యాయులు నెమ్మదిగా వచ్చి పక్కన కూర్చొన్నారు. ఆయన మూడు తరాల కతోలిక కుటుంబంలో పుట్టినవారు. ఏదో అడగాలని వచ్చారనీ, అడగడానికి జంకుతున్నారనీ ముఖం చూస్తేనే తెలిసింది.

"ఫాదర్ గారూ, మా అమ్మాయి అమెరికాలో మిన్నెసోటాలో ఉంటుందిగదా. అక్కడి రేడియోవాళ్ళు పదేళ్ళక్రితం శ్రీసభలోని తప్పులు తవ్వితీసి ఊరంతటికీ వినిపించారట. మా అమ్మాయేమో వాళ్ళు మంచి పనే చేశారు నాన్నా అంటోంది. ఎదుటివాడి తప్పు నలుగురిలో పెట్టడం పాపమని చిన్నప్పుడు సత్యోపదేశంలో నేర్చుకొన్నాం. బడిలో పిల్లలకు నేనూ అదే నేర్పాను. ఇప్పుడు నేను నేర్పింది తప్పా, అమ్మాయి అంటున్నది తప్పా?" అన్నారు.

ఈ ప్రశ్న మాస్టారుగారి ఒక్కరిదే కాదు. సెమినరీలో తత్త్వశాస్త్రం చదువుకొన్న రోజులనుండి ఇది నన్నూ వెంటాడుతున్నదే. అందుకే ఈ వారం దీన్ని మీ ముందు ఉంచుతున్నాను.

ముందుగా మాస్టారుగారికి నేను రేడియో వెరితాస్‌ను గుర్తుచేశాను. నా వయస్సువారికీ, నాకంటె పెద్దవారికీ ఆ పేరు వింటేనే మనస్సు పులకరిస్తుంది. ఫిలిప్పీన్స్ దేశంనుండి షార్ట్‌వేవ్‌లో వచ్చే వెరితాస్ ఆసియా తెలుగు ప్రసారంకోసం ముల్లు అటూ ఇటూ తిప్పుతూ, గరగర శబ్దాల మధ్య చెవులు రిక్కించి విన్న ఇళ్ళు మన మేత్రాసనాలలో ఎన్నో ఉన్నాయి. వెరితాస్ అంటే లతీను భాషలో సత్యం. ఆ పేరును ఆ కేంద్రం 1986లో సార్థకం చేసుకొంది.

ఆ ఏడు ఫిబ్రవరి 7న ఫిలిప్పీన్స్‌లో అధ్యక్ష ఎన్నికలు జరిగాయి. ఇరవై ఏళ్ళుగా పదవిలో ఉన్న ఫెర్డినాండ్ మార్కోస్‌మీద, హత్యకు గురైన ప్రతిపక్ష నాయకుని భార్య కొరజోన్ అక్వినో పోటీ చేశారు. ఓట్ల లెక్కింపులో ఘోరమైన మోసం జరిగింది. కంప్యూటర్లలో ఓట్లు ఎక్కించే సిబ్బందిలో 30 మందికి పైగా, తాము ఎక్కించే అంకెలు వేరు, బయట ప్రకటిస్తున్న అంకెలు వేరు అని గ్రహించి, ఫిబ్రవరి 9 రాత్రి లేచి బయటికి వచ్చేశారు. వారు తలదాచుకొన్నది ఒక కతోలిక దేవాలయంలో. ప్రభుత్వానికి భయపడి ఇతర ప్రసార సాధనాలు నోరు మెదపని రోజులవి. వెరితాస్ ఆ మోసాన్ని ప్రజలకు వినిపించింది. ఫిబ్రవరి 22 రాత్రి మనీలా అగ్రపీఠాధిపతులు కార్డినల్ సిన్ గారు ఆ రేడియోలోనే మాట్లాడి ప్రజలను వీధుల్లోకి పిలిచారు. మరునాడే సాయుధులు మలోలోస్ పట్టణంలోని ట్రాన్స్‌మిటర్‌ను ధ్వంసం చేశారు. అయినా ప్రసారం మరో చోటినుండి సాగింది. ఫిబ్రవరి 25న మార్కోస్ దేశం విడిచి పారిపోయాడు. ఆ సంవత్సరమే రేడియో వెరితాస్‌కు మెగసెసే పురస్కారం లభించింది.

నేనప్పుడు చిన్న సెమినరీ విద్యార్థిని. ఈ సంగతులు మా గురువులు చెబుతుంటే మేం చప్పట్లు కొట్టాం. 'పాపం, మార్కోస్ పరువు ఏమైపోవాలి?' అని మాలో ఒక్కరం కూడా అడగలేదు. దొంగ లెక్కలు బయటపెట్టడం చాడీ చెప్పడమవుతుందేమోనని ఎవరికీ సందేహం రాలేదు.

ఇరవై ఏడేళ్ళ తర్వాత అదే సత్యం మన ఇంటి తలుపు తట్టింది. అప్పుడు మనలో చాలామందికి హఠాత్తుగా పరువు గుర్తుకు వచ్చింది. మాస్టారుగారు అడిగిన మిన్నెసోటా ఉదంతం అదే.

సెయింట్ పాల్, మిన్నియాపోలిస్ అగ్రపీఠం అప్పటికి సుమారు 8 లక్షలమంది కతోలికులున్న పెద్ద మేత్రాసనం. 2013 సెప్టెంబరు 23న మిన్నెసోటా పబ్లిక్ రేడియో ఒక కథనం ప్రసారం చేసింది. ఒక గురువు ప్రవర్తన మంచిది కాదని అగ్రపీఠం పెద్దలకు ఏళ్ళ తరబడి తెలుసుననీ, తెలిసికూడా ఆయనను విచారణ గురువుగా నియమించారనీ, విశ్వాసులకుగాని, ఆ విచారణలో పనిచేసేవారికిగాని ఒక్క మాట చెప్పలేదనీ అందులో ఆధారాలతో చూపారు. ఆ గురువు ఆ విచారణ పిల్లలనే పాడుచేశాడు. రేడియో కథనం రాకముందే నేరం ఒప్పుకొని జైలుకు వెళ్ళాడు. కాబట్టి రేడియో కొత్తగా బయటపెట్టింది ఆ ఒక్క మనిషి పాపం కాదు. ఆ పాపానికి ఏళ్ళ తరబడి నీడ ఇచ్చిన కార్యాలయం పద్ధతిని అది బయటపెట్టింది.

ఆ సమాచారం రేడియోకు ఎలా చేరింది? శ్రీసభ శత్రువుల ద్వారా చేరలేదు. జెన్నిఫర్ హేసెల్‌బర్గర్ అనే కతోలిక స్త్రీ, శ్రీసభ చట్టాన్ని చదువుకొన్న విదుషీమణి, ఆ అగ్రపీఠంలోనే చాన్సలర్‌గా ఉండేవారు. పాత ఫైళ్ళు తిరగేస్తుంటే ఆమెకు ఈ సంగతులు కనబడ్డాయి. ఆమె మొదట పరుగెత్తింది రేడియో దగ్గరకు కాదు. తన పైవారికి చెప్పారు, ఉత్తరాలు వ్రాశారు, హెచ్చరించారు. ఎవరూ పట్టించుకోలేదు. 2013 ఏప్రిల్‌లో ఉద్యోగానికి రాజీనామా చేశారు. ఆ తర్వాతే మేడలీన్ బారన్ అనే విలేకరికి తనకు తెలిసినది చెప్పారు. బారన్, ఆమె సహచరులు నెలల తరబడి శ్రమించి, కాగితాలు సరిచూసి, బాధితులతో మాట్లాడి, అగ్రపీఠం పెద్దలను కూడా వివరణ అడిగి, ఒకదాని వెంట ఒకటిగా కథనాలు వినిపించారు.

తర్వాత ఏం జరిగిందో క్లుప్తంగా చెబుతాను. కొద్దిరోజులలోనే అగ్రపీఠం వికార్ జనరల్ పదవినుండి తప్పుకొన్నారు. 2015 జనవరిలో అగ్రపీఠం దివాలా రక్షణ కోరింది. అదే ఏడు జూన్ 5న అక్కడి ప్రభుత్వ న్యాయవాది, పిల్లలను కాపాడటంలో విఫలమైనందుకు ఏకంగా అగ్రపీఠంమీదనే నేరారోపణ చేశారు. పది రోజులకు అగ్రపీఠాధిపతి, ఒక సహాయ పీఠాధిపతి రాజీనామా చేశారు. 2016లో అగ్రపీఠం తన తప్పును బహిరంగంగా ఒప్పుకొన్నాక ఆ కేసు ఉపసంహరించారు. 2018లో సుమారు 450 మంది బాధితులకు 21 కోట్ల డాలర్ల పరిహారం కుదిరింది. ఆ 450 మంది ఒకప్పుడు పలక పట్టుకొని సత్యోపదేశానికి వచ్చిన పిల్లలే. డబ్బుకంటె ముందు ఈ సంగతి మన మనస్సులో నిలవాలి.

ఇప్పుడు మాస్టారుగారి ప్రశ్నకు వద్దాం. పరుల పరువుకు సంబంధించి మన సత్యోపదేశం మూడు దోషాలను చెబుతుంది. ఆధారం లేకుండా ఎదుటివాడిని చెడ్డవాడని మనస్సులో తీర్మానించుకోవడం ఒకటి. లేని తప్పు అంటగట్టడం రెండవది. ఉన్న తప్పునే, తగిన కారణం లేకుండా, అది తెలియనివారికి తెలియజేయడం మూడవది. మాస్టారుగారు పిల్లలకు నేర్పింది ఈ మూడవదే. ఆయన నేర్పినది అక్షరాలా సరియైనదే. అయితే ఆ వాక్యంలో 'తగిన కారణం లేకుండా' అన్న మూడు మాటలున్నాయి. మనం బడిలో పిల్లలకు చెప్పేటప్పుడు ఆ మూడు మాటలూ జారిపోయాయి.

పునీత అక్వినాసు తోమాసుగారు ఈ విషయాన్ని 13వ శతాబ్దంలోనే తూచి చెప్పారు. ఎదుటివాడి పరువు తీయాలనే ఉద్దేశంతో చాటుగా మాట్లాడటం పాపం. న్యాయంకోసం, లేదా ఒక అవసరమైన మేలుకోసం చెప్పవలసి వచ్చినప్పుడు, దానివల్ల ఒకరి పరువుకు భంగం కలిగినా అది ఆ పాపం కాదు అన్నారు. క్రీస్తు ప్రభువు మత్తయి సువార్త 18వ అధ్యాయంలో చూపిన క్రమం మనకు తెలిసిందే. ముందు ఒంటరిగా చెప్పు, వినకపోతే ఒకరిద్దరిని తీసుకొనివెళ్ళు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. దీన్ని వివరిస్తూ తోమాసుగారు ఒక ఉదాహరణ ఇచ్చారు. ఒకడు రహస్యంగా పట్టణాన్ని శత్రువులకు అప్పగించడానికి కుట్ర పన్నుతున్నాడు. ఆ సంగతి నీకు తెలిసింది. అప్పుడు కూడా ముందు వాడిని చాటుకు పిలిచి బుద్ధి చెబుతూ కూర్చొంటావా? చాటుగా చెబితే ఆ కీడు తప్పక ఆగుతుందన్న నమ్మకం ఉంటే తప్ప, వెంటనే అందరికీ తెలియజేయాలి. ఎందుకంటే ఆ పాపం రహస్యమైనదే కాని, దానివల్ల కలిగే కీడు ఇతరులమీద పడుతుంది.

ఇక్కడే అసలు కీలకం ఉంది. పాపం రహస్యంగా జరిగిందా, బహిరంగంగా జరిగిందా అన్నది ఒక ప్రశ్న. దాని దెబ్బ ఎవరికి తగులుతున్నది అన్నది మరో ప్రశ్న. మనం మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాం.

కొందరు పెద్దలు నోవా కుమారుల కథ ఎత్తుకొంటారు. నోవా ద్రాక్షరసం తాగి గుడారంలో ఒంటిమీద బట్ట లేకుండా పడివుంటే, ఒక కొడుకు చూసి బయటికి వచ్చి చెప్పాడు. తక్కిన ఇద్దరు కొడుకులు వెనుదిరిగి నడిచి వెళ్ళి తండ్రిని వస్త్రంతో కప్పారు. కాబట్టి తండ్రుల తప్పును బిడ్డలు కప్పాలి, గురువుల తప్పును విశ్వాసులు కప్పాలి అని వాదిస్తారు. వినడానికి బాగానే ఉంటుంది. కాని ఆ గుడారంలో నోవా ఒక్కడే ఉన్నాడు. ఆయన మత్తు ఆయనకే అవమానం. దానివల్ల మరొకరికి దెబ్బ తగలలేదు. అలాంటి బలహీనతను కప్పడం ప్రేమే. మరి దావీదు విషయమో? అక్కడ ఊరియా అనే నిర్దోషి చచ్చిపోయాడు. దేవుడు ఆ పాపాన్ని కప్పడానికి వస్త్రం పంపలేదు, నాతాను ప్రవక్తను పంపాడు. ఒక మనిషిమీద దుప్పటి కప్పేముందు, ఆ దుప్పటి ఎవరిమీదనుండి లాగి తెచ్చామో చూసుకోవాలి. మిన్నెసోటాలో అది పిల్లలమీదనుండి లాగిన దుప్పటి.

'అయితే పాపసంకీర్తన రహస్యం మాటేమిటి?' అని మాస్టారుగారు అడిగారు. మంచి ప్రశ్నే. పాపసంకీర్తనలో విన్నది గురువు ప్రాణం పోయినా బయటపెట్టరాదు. అందులో మార్పు లేదు. కాని పాపసంకీర్తన వేరు, ఆఫీసు బీరువా వేరు. మా నీతిశాస్త్ర పాఠాలలో రహస్యాలు మూడు విధాలని చెప్పేవారు. తనంతట తాను తెలుసుకొన్న పరుల సంగతి ఒకటి. చెప్పనని మాట ఇచ్చినది రెండవది. వృత్తిరీత్యా నమ్మి అప్పగించినది మూడవది. డాక్టరు, వకీలు, అధికారి కాపాడేది ఈ మూడవదాన్ని. ఈ మూడింటినీ కాపాడవలసిందే. అయితే, దాచడంవల్ల ఒక నిర్దోషికి ఘోరమైన కీడు జరుగుతున్నప్పుడు, దాన్ని ఆపడానికి వేరే దారి లేనప్పుడు, ఆ బాధ్యత ఆగిపోతుంది. పాపసంకీర్తన ముద్ర ఈ లెక్కలో చేరేది కాదు. మనం చేసిన పొరపాటేమిటంటే, ఆ ముద్రకున్న పవిత్రతను తెచ్చి ఆఫీసు ఫైళ్ళకు, నియామకాల చర్చలకు, విరాళాల లెక్కలకు కూడా అంటించాం.

ఇక సంస్థ పరువు సంగతి. మంచి పేరు గొప్ప ధనం, కాదనను. కాని ధనం ఎలా వచ్చిందో కూడా చూడాలిగదా. ఒకడు పొరుగువాడి పొలం ఆక్రమించి షావుకారయ్యాడనుకొందాం. ఆ సంగతి బయటపెట్టినవాడు షావుకారు ఆస్తిని దోచినట్లా? కాదు, ఎవరిది వారికి ఇప్పించినట్లు. గాయపడినవారి నోరు మూయించి సంపాదించిన మంచి పేరు కూడా అలాంటి ఆస్తే. అది మనది కాదు. తిరిగి ఇచ్చివేయవలసిన అప్పు.

ఇంతవరకు చెప్పినది పుస్తకజ్ఞానం. దీన్ని ఇక్కడితో ఆపితే నేను నిజాయితీగా వ్రాసినట్లు కాదు. నాకు అభిషేకమైన తొలి సంవత్సరాలలో ఒక విచారణలో సహాయ గురువుగా పనిచేశాను. అక్కడ మగపిల్లల హాస్టలు ఉండేది. ఒక రాత్రి ఏడో తరగతి కుర్రవాడొకడు నా గది గుమ్మం దగ్గర నిలబడి, "ఫాదర్, మాకు రాత్రిపూట అన్నం చాలడం లేదు" అన్నాడు. మొదట పిల్లల మాటేగదా అనుకొన్నాను. తర్వాత సరుకుల పుస్తకం చూశాను. నెలకు వచ్చే బియ్యం బస్తాలకు, వండుతున్న బియ్యానికి పొంతన లేదు. సరుకులు చూసే పెద్దమనిషి ఊరిలో పేరున్నవాడు. గుడి కట్టేటప్పుడు ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగుచేసినవాడు. ఆయనను ఒంటరిగా పిలిచి మాట్లాడాను. కళ్ళనీళ్ళు పెట్టుకొని, ఇకమీదట జరగదన్నాడు. నాలుగు రోజులు అన్నం బాగానే పెట్టారు. తర్వాత మళ్ళీ మామూలే.

మత్తయి సువార్తలోని మొదటి మెట్టు ఎక్కాను. రెండవ మెట్టు ఎక్కలేదు. బయటికి వస్తే హాస్టలు పేరు పోతుంది, విరాళాలు ఆగిపోతాయి, చివరికి పిల్లలే నష్టపోతారు అని నాకు నేనే సర్దిచెప్పుకొన్నాను. ఆ వాదనలో తర్కదోషం ఎక్కడుందో తత్త్వశాస్త్రం చదివిన నాకు తెలియదా? తెలుసు. జూన్ నెలలో బదిలీ వచ్చింది. పెట్టె సర్దుకొని వెళ్ళిపోయాను.

చాలా ఏళ్ళ తర్వాత ఒక పెళ్ళిలో ఆ కుర్రవాడు కలిశాడు. ఇద్దరు బిడ్డల తండ్రి. కాళ్ళకు మ్రొక్కి, భార్యకు నన్ను పరిచయం చేశాడు. భోజనాల దగ్గర పక్కన కూర్చొని మెల్లగా అడిగాడు: "ఫాదర్, అప్పుడు మీకు తెలుసుగదా?" కోపంగా అడగలేదు. అందుకే నాకు ఆ ముద్ద మింగుడుపడలేదు. తెలుసు నాయనా అన్నాను, క్షమించమని అడిగాను. ఆలస్యంగానైనా సంబంధిత పెద్దలకు ఉత్తరం వ్రాశాను. కాని ఆకలితో పడుకొన్న ఆ రాత్రులను ఏ ఉత్తరం తిరిగి తెస్తుంది? ఆ హాస్టలు పేరు మాత్రం చెడలేదు. నేను కాపాడింది దాన్నే.

అలాగని మైకు పట్టుకొన్న ప్రతివాడూ నాతాను ప్రవక్త కాడు. ఈ మాట కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. 2003 మే 29న ఉదయం 6 గంటల 7 నిమిషాలకు బి.బి.సి. రేడియోలో ఆండ్రూ గిలిగన్ అనే విలేకరి ఇరాక్ ఆయుధాల గురించి మాట్లాడాడు. బ్రిటిష్ ప్రభుత్వ నివేదికలో ఒక అంశం నమ్మదగినది కాదని నిపుణులలో సందేహాలున్న మాట నిజమే. కాని ముందుగా వ్రాసుకోకుండా చెప్పిన ఆ కొద్ది నిమిషాలలో, అది తప్పని ప్రభుత్వానికి బహుశా ముందే తెలుసు అని ఒక వాక్యం దొర్లింది. ఆ వాక్యానికి ఆధారం లేదు. ఆ గొడవలో సమాచారమిచ్చిన శాస్త్రవేత్త డేవిడ్ కెల్లీ పేరు బయటపడింది. జూలై 18న ఆయన శవమై దొరికారు. 2004 జనవరిలో న్యాయమూర్తి హట్టన్ గారి నివేదిక వచ్చాక బి.బి.సి. అధ్యక్షుడు, డైరెక్టర్ జనరల్, ఆ విలేకరి ముగ్గురూ పదవులు వదులుకొన్నారు. ఇరాక్‌లో ఆ ఆయుధాలు చివరికి దొరకలేదు. అయినా సరిచూడని ఒక్క వాక్యం ఎంత పనిచేసిందో చూడండి.

కాబట్టి బయటపెట్టేవారికీ ధర్మం ఉంది. తెలిసినదానికి మించి ఒక్క మాట చెప్పరాదు. నిందపడినవారిని వివరణ అడగాలి. బాధితుల పేర్లు వారి అనుమతి లేకుండా చెప్పరాదు. తప్పు దొర్లితే అంతే పెద్ద గొంతుతో దిద్దుకోవాలి. అన్నిటికంటె ముఖ్యంగా, ఒకడిని పడగొట్టడంలో ఉండే సంతోషాన్ని మనస్సులోకి రానీయరాదు. సత్యం చెప్పే నాలుకమీదనే పగ కూడా కూర్చోగలదు.

ఈ పనిలో రేడియోకు ఒక ప్రత్యేకత ఉంది. రేడియోలో మనిషి ముఖం కనబడదు. గాయపడినవారు తలవంచుకోకుండా, కెమెరాకు జంకకుండా, తమ గొంతుతో తమ కథ చెప్పుకోగలరు. వినేవారు కూడా వారి అందచందాలు, బట్టలు, కులగోత్రాలు చూసి తీర్పుచెప్పే వీలు లేదు. వినడం ఒక్కటే చేయాలి. మన పెద్దలు ఆ ఫైళ్ళన్నీ చదివారు కాని, ఆ గొంతులను వినలేదు. చీకటిలో అనుకొన్న మాటలు ఇంటి కప్పులమీదనుండి చాటబడతాయని ప్రభువు హెచ్చరించినది లూకా సువార్తలో చదువుతాం. పూర్వం మన ఇళ్ళ కప్పులమీద రేడియో ఏరియల్ తీగలు ఉండేవి. ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు ఆ తీగలే జ్ఞాపకం వస్తాయి.

శ్రీసభ ఈ విషయంలో ఏమీ నేర్చుకోలేదని కూడా అనరాదు. 2019లో ఫ్రాన్సిస్ పాపుగారు ఒక కొత్త శాసనం చేశారు. ఇలాంటి దుశ్చర్య తెలిసిన గురువులు, మఠవాసులు దాన్ని అధికారులకు తప్పక తెలియజేయాలనీ, తెలియజేసినవారిని వేధించరాదనీ అందులో ఉంది. 2023లో దాన్ని శాశ్వతం చేశారు. 2021 నవంబరులో ఆయనే ఇద్దరు సీనియర్ విలేకరులను సత్కరిస్తూ, శ్రీసభలోని తప్పులను చెప్పినందుకు, వాటిని తివాచీ కిందికి తోసివేయకుండా సాయపడినందుకు, బాధితులకు గొంతునిచ్చినందుకు విలేకరులకు కృతజ్ఞతలు చెప్పారు. మన దేశంలో 2012నాటి పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం, ఒక బిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనాసరే పోలీసులకు చెప్పి తీరాలి. తెలిసి చెప్పకపోతే జైలుశిక్ష పడవచ్చు. సంస్థ అధిపతికైతే ఆ శిక్ష మరింత ఎక్కువ. సంస్థ పేరు పోతుందన్న సాకును ఆ చట్టం లెక్కలోకి తీసుకోదు.

ప్రతి విచారణకూ ఒక పరిశోధక విలేకరి రాడు. రావలసిన అవసరం కూడా ఉండకూడదు. మన లెక్కలు మనమే చెప్పుకొంటే, మన పిల్లల మాట మనమే వింటే, బయటివారు వచ్చి తవ్వవలసిన పని ఏముంటుంది? ప్రతి విచారణలో ఆర్థిక సంఘం ఉండాలని, విశ్వాసులు ఇచ్చిన కానుకల లెక్క విశ్వాసులకే చెప్పాలని శ్రీసభ చట్టంలోనే ఉంది. దాన్ని పక్కన పెట్టి, రేడియోవాళ్ళు మనమీద పగబట్టారని ఏడవడం న్యాయం కాదు.

చివరికి మాస్టారుగారికి నేను ఇలా చెప్పాను: "మీరు పిల్లలకు నేర్పింది తప్పు కాదు. మీ అమ్మాయి అంటున్నదీ తప్పు కాదు. పొరుగువాడి బలహీనత ఒకటి మీకు తెలిస్తే, దానివల్ల ఎవరికీ కీడు లేకపోతే, అది మీతోనే సమాధికి పోవాలి. కాని ఆ తప్పు కింద ఒక బిడ్డ నలుగుతుంటే మాత్రం మీ మౌనం ఆ తప్పులో భాగస్వామి అవుతుంది. ముందు ఒంటరిగా చెప్పండి, తర్వాత పెద్దలకు చెప్పండి. ఆలస్యం ప్రమాదమైతే నేరుగా పోలీసులకే చెప్పండి. అందరూ చెవులు మూసుకొంటే అప్పుడు మేడమీదికెక్కి చెప్పినా అది చాడీ కాదు."

ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత, "బడిలో ముప్ఫై ఏళ్ళు పనిచేశాను ఫాదర్ గారూ. నాకూ కొన్ని సంగతులు తెలుసు" అన్నారు. ఏ సంగతులని నేను అడగలేదు. ఆయన చెప్పదలచినప్పుడు వింటానన్నాను. ఆ మరుసటి వారం ఆయన మళ్ళీ వచ్చారు. ఏమి మాట్లాడుకొన్నామో ఇక్కడ వ్రాయను. ఆయన అనుమతి లేదు.

వచ్చే ఆదివారం పూజ ముగిశాక మా విచారణ సంవత్సర ఆదాయవ్యయాలు గుడిలో చదివి వినిపించబోతున్నాను. రసీదు పుస్తకాలన్నీ ముందుగా తనిఖీ చేయమని మాస్టారుగారినే అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకొంటూ, "పైసాతో సహా చూస్తాను ఫాదర్ గారూ, తేడా వస్తే మాత్రం ఊరుకొనేది లేదు" అన్నారు.

ఊరుకోవద్దనే చెప్పాను.